ఎడమ చక్రం మీద అనుమానం

అనుమానం నాకు నాన్న నుంచి వచ్చిన ఆస్తి. ఆయన కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో తనిఖీ విభాగంలో పనిచేస్తారు. ఎవరు ఎక్కడ ఏం నొక్కేశారో వెతకడమే ఉద్యోగం కాబట్టి ఇంటికొచ్చినా ఆ చూపు మారదు. పాలవాణ్ణి నమ్మరు, ఆటో మీటర్ని నమ్మరు, అమ్మ పూజ అలమరలో ఉన్న దేవుళ్ళనైతే అసలే నమ్మరు. అమ్మ హారతి పళ్ళెం పట్టుకొస్తే పేపరు అడ్డం పెట్టుకుంటారు. ఢిల్లీ వచ్చాక అమ్మ నోములు తగ్గాయి గానీ ఆయన వెక్కిరింపు మాత్రం తగ్గలేదు.

నాకు గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఉండేది మాత్రం అమ్మానాన్నలతోనే, ఢిల్లీలో బేర్ సరాయ్‌కి కాస్త ఇవతల సర్కారీ క్వార్టర్లో. నా దగ్గర ఒక పాత చిన్న కారుంది. దాని వెనక సీట్లు పీకేశాను, ఏసీ తీసి పారేశాను, ఎందుకంటే అది కూరగాయలకు వెళ్ళే కారు కాదు. గ్రేటర్ నోయిడాలో రేసుల ట్రాక్ ఉంది. అప్పుడప్పుడు మాలాంటి మామూలు మనుషుల్ని కూడా సొంత కార్లతో అక్కడికి రానిస్తారు. నేను హెల్మెట్ పెట్టుకుని అక్కడ తిరుగుతానన్న మాట విన్నప్పుడు నాన్న ఒక్కసారి "వద్దమ్మా" అన్నారు. నేను వినలేదు. ఆ తర్వాత ఆయన ఆ విషయం ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. మాట్లాడని మనిషి ఏం ఆలోచిస్తున్నాడో ఎవరికి తెలుసు?

ఆ శీతాకాలం ట్రాక్ మీద నాకో గట్టి భయం తగిలింది. పొడవాటి దారి చివర మలుపు దగ్గర బ్రేకు తొక్కితే పెడలు మెత్తగా లోపలికి పోయింది. మళ్ళీ మళ్ళీ తొక్కిన వేడిని పాత బ్రేకులు తట్టుకోలేకపోయాయి. ఎలాగో బయటపడ్డాను. ఇంట్లో చెప్పలేదు. వెంటనే ముందు చక్రాలకి కారుతో రాని పెద్ద కాలిపర్లు వేయించాను. కాలిపర్ అంటే, చక్రంతో పాటు తిరిగే ఇనప డిస్కుని రెండు వైపుల నుంచీ పట్టుకుని ఆపే పట్టకారు అనుకోండి. ఆ పట్టకారు దవడల్లో పెట్టేవి ప్యాడ్లు. కాలిపర్లు గట్టివే గానీ వాటిలో రేసు ప్యాడ్లు లేకపోతే లాభం లేదు.

అవి కరోల్ బాగ్‌లో ఒక స్పేర్ పార్టుల కొట్లో దొరికాయి. ఆ కొట్టాయన మనిషి మహా పొగరు. నేను డబ్బా మీద స్టిక్కరు గీకి చూస్తుంటే, నమ్మకం లేకపోతే వదిలేసి వెళ్ళమన్నాడు. ప్యాడ్ బరువు చూశాను, అంచులు చూశాను, అచ్చులో అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చూశాను. నకిలీ అని తేలలేదు. అసలుదని కూడా నాకు నమ్మకం కుదరలేదు. అయినా తెచ్చాను, ఎందుకంటే ఆదివారం ట్రాక్ తెరుస్తున్నారు.

శనివారం పొద్దున్నే క్వార్టర్ల వెనక పార్కింగులో కారుని జాకీ మీద ఎక్కించి కూర్చున్నాను. వాకింగుకి వెళ్ళే అంకుల్స్ ఒక్కొక్కరే ఆగి, మెకానిక్ దొరకలేదా బేటీ అని అడిగి వెళ్ళారు. కుడి చక్రం ముందు మొదలుపెట్టాను. ప్యాడ్ల చెవులు కాలిపర్లో కొంచెం బిర్రుగా పట్టాయి, ఆకురాయితో కాస్త అరగదీశాను. ప్యాడ్లని తోసే పిస్టన్లను మెల్లగా వెనక్కి నొక్కాను, ప్యాడ్లు జారవిడిచాను, పిన్నులు కొట్టాను. ఈ పనిలో ఒకటే నియమం. ప్యాడ్‌కి ఒక వైపు కంపెనీ పేరున్న ఇనప రేకు ఉంటుంది, రెండో వైపు డిస్కుని రాసుకునే గరుకు ముఖం ఉంటుంది. ఆ గరుకు ముఖానికి జిడ్డు తగలకూడదు. అందుకే దాన్ని పసిపిల్ల కన్నుని చూసినట్టు చూసుకుంటాను.

కుడి వైపు అయ్యేసరికి అమ్మ బాల్కనీ నుంచి భోజనానికి పిలిచింది. ఎడమ ప్యాడ్లు అక్కడ వదిలితే ఎవడైనా ఎత్తుకుపోతాడని పైకి తెచ్చి, బాల్కనీలో పేపరు మీద పెట్టి స్నానానికి వెళ్ళాను. వచ్చి కూర్చుంటే నాన్న సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. సబ్బుతో, గోళ్ళ సందుల్లో కూడా. ఆయన అప్పటికే తినేశారని అమ్మ చెప్పింది. ఇప్పుడెందుకు కడుగుతున్నారో అనుకున్నాను గానీ పప్పులో ఆవకాయ కలుపుకునే పనిలో ఉండి అడగలేదు.

కిందికొచ్చి ఎడమ ప్యాడ్లు చేతిలోకి తీసుకుంటే, గరుకు ముఖం కొంచెం ఎర్రజీరగా కనిపించింది. కుడి వైపువి బూడిద రంగులో ఉన్నాయే! పొద్దున ఎడమవాటిని పరీక్షగా చూడలేదు. ఒళ్ళు మండిపోయింది. రెండు వేర్వేరు సెట్లు కలిపి ఒకే డబ్బాలో పెట్టి అంటగట్టాడన్నమాట పెద్దమనిషి. వెంటనే ఫోన్ చేశాను. ఒకే డబ్బా, ఒకే మాల్, రంగు అటూ ఇటూ ఉంటుంది, ఠీక్ హై అని పెట్టేశాడు. కొన్ని ప్యాడ్ల మీద కొత్తలో రంగు పూత ఉంటుందని నాకూ తెలుసు కాబట్టి, పళ్ళు కొరుక్కుంటూనే బిగించాను.

కొత్త ప్యాడ్లను నేరుగా ట్రాక్ మీదికి తీసుకెళ్ళకూడదు. ఖాళీ రోడ్డు మీద కొంచెం వేగం అందుకుని బ్రేకు వేయడం, మళ్ళీ ఇంకొంచెం వేగం, మళ్ళీ బ్రేకు, అలా చేస్తే ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి అలవాటు పడతాయి. సాయంత్రం బయల్దేరుతుంటే నాన్న చెప్పులేసుకుని వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. ఆ కారులో ఆయన అంతకుముందు ఎన్నడూ కాలు పెట్టలేదు.

ఎందుకొస్తున్నారని అడిగాను. ఊరికే, గాలికి, అన్నారు. ఏసీ పీకేసిన కారులో, ఊరి చివర ద్వారక దుమ్ములో, గాలికట! తనిఖీ చేయడానికే వస్తున్నారని అనుకున్నాను. రేపు నేను వెళ్ళకుండా ఉండటానికి ఏదో ఒక లోపం పట్టుకోవాలి, అంతేగా. సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు. నేనే బిగించాను.

ద్వారక దాటాక ఇంకా ఇళ్ళు కట్టని సెక్టార్లో రోడ్డు వెడల్పుగా, ఖాళీగా ఉంటుంది. మొదట బ్రేకు మెల్లగా వేశాను. స్టీరింగ్ చేతిలో కొంచెం కుడికి లాగినట్టుంది. రోడ్డు వాలేమో అనుకున్నాను. రెండోసారి వేగం పెంచి గట్టిగా తొక్కాను. కారు ఒక్కసారిగా కుడికి తిరిగి డివైడర్ మీదికి దూకబోయింది. బ్రేకు వదిలేసి, స్టీరింగ్ తిప్పి, పక్క అద్దం డివైడర్‌కి ఎంత దగ్గరగా పోయిందో చూస్తూ ఎలాగో ఆపాను. అదే ట్రాక్ మీది వేగంలో, మలుపు ముందు ఇలా జరిగితే నేను మిగలను. ఆ మాట నాకు అక్కడే, ఆ క్షణమే అర్థమైంది.

దిగి చూశాను. బ్రేకు ఆయిల్ ఎక్కడా కారలేదు. పెడలు గట్టిగానే ఉంది. ఎడమ చక్రం దగ్గర మాత్రం మాడిన మూకుడు వాసన వస్తోంది. అంటే ఎడమ ప్యాడ్లు డిస్కుని పట్టడం లేదు, కుడివి పడుతున్నాయి, అందుకే కారు అటు తిరిగింది. ఆ కరోల్ బాగ్ మహానుభావుణ్ణి నోటికొచ్చినట్టు తిడుతూ లేచాను. అప్పుడు గమనించాను, నాన్న కారు దిగలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకి చూస్తూ కూర్చున్నారు. ఏమైంది, ఎందుకైంది, ఎవడు చేశాడు అని వంద ప్రశ్నలు వేయాల్సిన మనిషి దొంగకి తేలు కుట్టినట్టు కిమ్మనలేదు.

దారంతా బ్రేకు మీద ప్రాణం పెట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చాను. నాన్న పైకి వెళ్ళిపోయారు. నేను ఎడమ చక్రం విప్పి, ప్యాడ్లు లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కాస్త మాడింది గానీ ఆ వాసన పోల్చుకోవడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు. అది నువ్వుల నూనె. మా ఇంట్లో దీపారాధనకి వాడేది.

ముందు అమ్మ మీదికే వెళ్ళాను. కారు కొన్న రోజున నిమ్మకాయలు తొక్కించిన మనిషి కదా. అమ్మ స్టవ్ కట్టేసి నా వంక వింతగా చూసింది. "నేనెందుకు పెడతానే? ఆ ఇనప ముక్కలు ముట్టుకుంటే చంపేస్తానన్నావు, ఆ తర్వాత బాల్కనీ వైపు కూడా వెళ్ళలేదు." అమ్మ అబద్ధమాడితే నాకు ఇట్టే తెలుస్తుంది. ఆడటం లేదు. అంతలో తనే, దీపం నూనె సీసా మూత లేకుండా ఉందేంటా అనుకున్నానే మధ్యాహ్నం, అంది.

ఇక మిగిలింది ఒక్కరే. సబ్బు, గోళ్ళ సందులు, పక్క సీటు, మౌనం. అరికాలి మంట నెత్తికెక్కింది. ప్యాడ్ పట్టుకుని ఆయన కుర్చీ ముందు నిలబడ్డాను.

"దీని మీద నూనె పోశారా?"

"పోయలేదు," అన్నారు. "రాశాను."

ఏమన్నానో అంతా ఇక్కడ రాయలేను. నన్ను ట్రాక్‌కి వెళ్ళకుండా ఆపడానికి బ్రేకులు చెడగొడతారా అన్నాను. ఇన్నాళ్ళూ ఊళ్ళో వాళ్ళ దొంగతనాలు పట్టి పట్టి చివరికి నేర్చుకున్నది ఇదా అన్నాను. నేను చచ్చినా ఫరవాలేదు గానీ మీ మాట నెగ్గాలి, అంతేనా అన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగుతోంది. ఆయన నా మొహం చూడలేదు, ప్యాడ్ వంకే చూస్తున్నారు.

"కుంకం నిలవలేదమ్మా," అన్నారు. "పొడిగా పెడితే రాలిపోయింది. అందుకని నూనెలో తడిపి పెట్టాను."

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. అమ్మకి ఎక్కింది. మంచం మీద కూలబడి ఆయన వంక నోరు తెరుచుకుని చూసింది.

"పేరున్న వైపు పెడితే నీకు కనపడుతుంది," అని ఆయనే చెప్పుకుపోయారు, ఎవరో బలవంతం చేసి వాంగ్మూలం ఇప్పిస్తున్నట్టు. "రెండో వైపు పెట్టాను. పని చేసేది అదే కదా అని. మళ్ళీ సిగ్గేసింది. గుడ్డతో తుడిచేశాను."

తుడిచారట! బొట్టు ఒక చుక్కగా ఉన్నా కొంత నయం. తుడిచి, ఆ నూనెంతా ముఖమంతా పులిమి, ఆ ఎర్రజీర నాకు మిగిల్చారు. హారతికి పేపరు అడ్డం పెట్టుకునే మనిషి, దొంగచాటుగా అమ్మ కుంకుమ భరిణె తీసి, బాల్కనీలో వంగి కూర్చుని బ్రేకు ప్యాడ్లకి బొట్టు పెట్టాడన్నమాట. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కానీ ఆపుకోలేకపోయింది. అమ్మని చూసి నేనూ మొదలుపెట్టాను. ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. నాన్న చెవులు ఎర్రబడ్డాయి గానీ ఆయన మొహంలోనూ ఏదో సడలింది. ఇన్ని మాటలన్నందుకు నాకు కష్టంగానే ఉంది, అయినా ఆ కష్టం కంటే హాయే ఎక్కువ. మా నాన్న నాకు కీడు చెయ్యలేదు. అంతకంటే ఏం కావాలి?

అక్కడితో వదిలేయాల్సింది. కానీ నేను ఆయన కూతుర్ని. ఒక్క సంగతి పొసగలేదు.

"మరి కారెందుకెక్కారు?" అన్నాను.

ఆయన అదీ చెప్పారు.

"తుడిచాక అనుమానమొచ్చింది. నూనె కదా, పట్టు తప్పుతుందేమోనని. చెబుదామనే కిందికొచ్చాను. ఈ వయసులో బొట్టు పెట్టానని నీతో ఎలా చెప్పను? ఏదన్నా అయితే నీ పక్కన నేనూ ఉంటాను కదా అని ఎక్కి కూర్చున్నాను."

అమ్మ నవ్వు ఆగిపోయింది. డివైడర్ మీదికి కారు దూకుతున్నప్పుడు ఎందుకో నాకు తెలియదు. ఆయనకి తెలుసు. ఒక్క మాటకి నేను నవ్వుతానని భయపడి, ఆ మాట నోట్లోనే ఉంచుకుని, బెల్టు పెట్టించుకుని, నాతో పాటు పోవడానికి సిద్ధపడి కూర్చున్నారు. ఎంత ప్రేమ అని అమ్మ తర్వాత చాలాసార్లు అంది. నాకూ తెలుసు ప్రేమేనని. అందుకే ఇంకా కోపం.

మర్నాడు ట్రాక్‌కి వెళ్ళలేదు. ఆ ప్యాడ్లు పారేసి, అదే పొగరుబోతు కొట్లో మరో సెట్టు తెచ్చి వేసుకున్నాను. నాన్న ఇప్పుడు నేను ట్రాక్‌కి బయల్దేరుతుంటే కిందిదాకా వస్తారు, చక్రాల వంక చూస్తారు, పక్క సీటు వంక కూడా చూస్తారు. బొట్టుని ఆ సాయంత్రమే క్షమించేశాను. కానీ ఆ సీటు తలుపు ఆయనకి మళ్ళీ తెరవలేదు.