సారె బండికి ఎక్కిళ్ళు

టెక్కలిలో ఒక వీధి ఉంది. ఆ వీధిలో నేను అడుగుపెడితే మగవాళ్ళు నవ్వు కనబడకుండా తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుంటారు, ఆడవాళ్ళు ముక్కు మూసుకుంటారు. ఏ దొంగతనమో చేశాననుకునేరు! దొంగతనమైతే ఈపాటికి మరిచిపోయేవాళ్ళు. నేను చేసింది వైద్యం. అదీ మనిషికి కాదు, టర్బోకి. చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. కానీ నేను చెప్పకపోతే మా ఆవిడ ఊర్మిళ చెబుతుంది, ఆవిడ చెబితే ఇంతకన్నా ఘోరంగా ఉంటుంది. అందుకని వినండి.

మాది సోంపేట దగ్గర ఉద్దానంలో ఒక పల్లె. కొబ్బరి, జీడి పండిస్తాం. కాయలు పలాస చేరవేయడానికి కొత్త డీజిల్ పికప్ కొన్నాను. అది వచ్చిన నాటినుంచి నా కాలు నేలమీద ఆనలేదు. ఫోనులో వీడియోలు చూసి చూసి, టర్బో గురించి నాకు తెలియనిది దాన్ని కనిపెట్టినవాడికి కూడా తెలియదన్న స్థితికి చేరాను. టర్బో అంటే ఏమిటనుకున్నారు? మా అమ్మమ్మ కట్టెల పొయ్యి ఊదే గొట్టం లాంటిదే. తేడా అల్లా, ఇంజను తన పొగతో తానే దాన్ని తిప్పుకుని, తన నోట్లోకి తానే గాలి ఊదుకుంటుంది. ఆ గాలి నిలకడగా వెళ్ళక ముందుకీ వెనక్కీ కొట్టుకుందా, బండి గుక్క తిప్పుకోలేక ఎక్కిళ్ళు పెడుతుంది. దాన్ని సర్జింగ్ అంటారు. ఈ ముక్క ఊళ్ళో వినని చెవి లేదు. ట్రాక్టరు ఆగినా టర్బోయే అన్నాను, మోటారుసైకిలు ఆగినా టర్బోయే అన్నాను.

"బావా, మోటారుసైకిలుకి టర్బో ఉండదు గదా" అన్నాడు మా బామ్మర్ది.

"ఉండదు కాబట్టే ఆగిపోనాదిరా" అన్నాను.

చూశారా, మాకు తెలియదనే మాట తెలియదు.

ఈ బామ్మర్ది పేరు ఢిల్లేశ్వరరావు. మేం ఢిల్లీ అంటాం. మా మామగారు పోయాక ఆ ఇంటికి మగదిక్కు వాడే. ఆ ఏడు ఆఖరి పిల్ల హేమని టెక్కలి ఇచ్చారు. మొదటి సారె పట్టుకెళ్ళాలి. మావైపు సారె అంటే పళ్ళెంలో నాలుగు లడ్లు కాదు, అత్తవారి వీధి వీధంతా పంచాలి. అరిసెలు, కాజాలు, లడ్లు, చలిమిడి, అరటి గెలలు. వెనకటికి కావిళ్ళమీద మోసేవారు, ఇప్పుడు పికప్‌లు వచ్చాయి. తండ్రి లేని పిల్ల కదా, 'అన్న ఏ లోటూ చేయలేదు' అన్న మాట ఆ వీధిలో వినబడాలి. ఢిల్లీకి నెల్లాళ్ళుగా అదే ధ్యాస. ముందురోజు నా బండి తీసుకుని, కాశీబుగ్గలో చేయించిన లడ్లు తనే దగ్గరుండి తెచ్చాడు.

తెల్లారి బయల్దేరాం. ముందు సీట్లో నేను, ఊర్మిళ, మా అత్త దమయంతమ్మ. వెనక గంగాళాల మధ్య, కొత్త పంచె, కొత్త కండువాతో ఢిల్లీ.

"వర్జ్యం రాకముందే సారె గడప దాటాల బాబూ" అంది అత్త.

"టర్బో బండత్తా ఇది. వర్జ్యమే మన ఎనకాల పరిగెత్తుకు రావాల" అన్నాను.

హైవే ఎక్కి కాస్త గట్టిగా తొక్కానో లేదో, బండి ఒక్కసారి ముందుకి ఉరికి, వెంటనే నీరుగారిపోయింది. మళ్ళీ ఉరికింది, మళ్ళీ చల్లారింది. బానెట్ లోపల బుస్సుబుస్సుమని చప్పుడు. వెనక గంగాళాల మూతలు తాళాలు వాయిస్తున్నాయి.

"ఓలమ్మో! బండేటిలాగ ఎక్కిల్లు పెడతంది?" అంది అత్త.

"సర్జింగత్తా."

"కసిన్ని నీల్లు పట్టించండి పోనీ."

నిజం చెప్పనా? నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది. ఇన్నాళ్ళూ చదివిన చదువుకి ఇవాళ పరీక్ష వచ్చింది! సుమ్మాదేవి దాటాక పక్కకి ఆపి, బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాను. దారిన పోయేవాళ్ళు ఏదో పూజనుకుని ఆగి చూశారు. నిలబెట్టి వింటే ఇంజను చంటిపిల్లలా నిద్రపోతోంది. నడిపితే మళ్ళీ ఎక్కిళ్ళు. మళ్ళీ ఆపాను. టర్బో నుంచి ఇంజనుదాకా ఉన్న ప్రతి గొట్టాన్నీ పిసికాను, ప్రతి బిగింపునీ వదులు చేసి బిగించాను. ఎక్కడా చీలిక లేదు. ఇక మిగిలింది టర్బో లోపలి బేరింగే. బేరింగ్ ఎందుకు పోతుంది? ఎవడో పోగొడితే పోతుంది. నిన్న బండి తోలింది ఎవడు?

"ఒరే ఢిల్లీ! నిన్న కాశీబుగ్గలో బండి ఆపే ముందు, కసేపు ఇంజను ఊరికినే తిరగనిచ్చినావేట్రా?"

"తిరగనిత్తే డీజిలు దండగని నువ్వే అంతావు గదా బావా. ఆపీసి లడ్డూలు ఎక్కించినాను."

"అదీ సంగతి! ఏడిమీదున్న టర్బోని టక్కుమని ఆపీసినావు. కాలిపోనాది."

"నిన్న బాగానే ఎల్లింది బావా, గుర్రంలాగ ఎల్లింది!"

"నిన్న కాల్తే ఈరోజు తెలుస్తాది. టర్బో గురించి నీకేటి తెలుసు?"

వాడు వెళ్ళి మళ్ళీ గంగాళాల మధ్య కూర్చున్నాడు. ఊర్మిళ మాత్రం, "తమ్ముడు జాగ్రత్తగానే తోల్తాడు" అంది. వైద్యుడు వైద్యం చేస్తుంటే పక్కవాళ్ళ మాటలు వింటాడా? బయల్దేరదీశాను.

పలాస దాటాక ఢామ్మంది. నేను వదులు చేసి బిగించానని చెప్పిన గొట్టాల్లో ఒకటి, బిగించానని నేను అనుకున్నది, ఊడిపోయింది. తోక కింద నుంచి కాటుకలాంటి పొగ. అద్దంలో చూస్తే వెనక ఢిల్లీ లేడు, ఒక నల్లటి మేఘం ఉంది. మేఘం విడిపోయాక కనబడ్డాడు. చలిమిడి మీద మసి పడకుండా కొత్త కండువా కప్పి, దానిమీద బోర్లా పడుకుని ఉన్నాడు. నేనైతే ఆ మొహం చూసి నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గొట్టం తగిలించి, ఎక్కిళ్ళతోనే టెక్కలి చేరాం. వీధంతా గుమ్మాల్లో నిలబడి ఉంది. గడపలో హేమ, పక్కన వాళ్ళ అత్తగారు, మెట్లమీద మామగారు లోకనాథంగారు.

"ఏటండీ ఇంత ఆలీసం? వర్జ్యం వొచ్చేత్తంది" అన్నారాయన.

'దారిలో బండి ఇబ్బంది పెట్టిందండి' అంటే సరిపోయేది. కానీ కొత్త బండి ఇబ్బంది పెట్టిందంటే నాకు నామోషీ కదా! "మా బామ్మర్ది సేతికి బండిచ్చినానండి. టర్బో కాల్సీసినాడు" అన్నాను, వీధి చివరిదాకా వినబడేలా.

ఢిల్లీ తల దించుకున్నాడు. మసి కొట్టిన మొహం, మాసిన కండువా, చేతిలో చలిమిడి గిన్నె. జనంలో ఎవరో, "బండే సూసుకోలేనోడు రేపు సెల్లి మంచీ సెడ్డా ఏటి సూత్తాడు?" అన్నారు. హేమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడైనా ఆపాలి కదా! చెరపకురా చెడేవు అన్నారు పెద్దలు. చెరిపినవాడు ఊరుకోకుండా వివరించబోతే ఇంకా చెడతాడని వాళ్ళు అనలేదు.

"టర్బోయేనని మీకెలా తెలుసు?" అన్నారు లోకనాథంగారు, మామూలుగానే.

"గాలి లోపలికెల్లే దారి అద్దంలాగుందండి. అది బాగున్నాక ఇంక టర్బోయే గదా. సెయ్యెట్టి సూపిత్తానుండండి!"

ఫిల్టరు పెట్టెలోకి వెళ్ళే గొట్టం ఊడదీసి, గారడీవాడిలా చొక్కా చెయ్యి పైకి మడిచి, లోపలికి చెయ్యి పెట్టాను. చేతికి గుడ్డ తగిలింది.

ఇక్కడ మీకు ఇంతసేపూ దాచిన సంగతి చెప్పాలి. ముందురోజు సాయంత్రం ఢిల్లీ బండి తెచ్చి ఇచ్చేటప్పుడు బానెట్‌మీద చెయ్యి వేసి, "బావా, ఇది బండి కాదు, పులి! ఉద్దానం మొత్తం తిరిగినా ఇలాటిది నేదు" అన్నాడు. వాడు ప్రేమగా అన్న మాట నాకు కన్నుగా తగిలింది. వాడు అటు వెళ్ళగానే ఎండుమిరపకాయలు, ఉప్పు, ఆవాలు నల్లగుడ్డలో మూటగట్టాను. పైకి కడితే వాడికి తెలిసిపోతుందని, హెడ్‌లైటు వెనక ఒక కన్నం కనబడితే అందులో కుక్కాను. ఆ కన్నం దేనికో నాకు తెలియదు. కంపెనీవాడు దిష్టిమూట కోసమే వదిలాడనుకున్నాను. అది ఇంజను ముక్కు! గట్టిగా తొక్కినప్పుడల్లా టర్బో గాలి లాగితే, మూట వచ్చి గొంతుకి అడ్డం పడుతోంది. ఊపిరితిత్తుల గురించి ఊరంతా ఉపన్యాసాలిచ్చిన నాకు ముక్కు ఎక్కడుందో తెలియదన్నమాట.

నేనేం చేశానో ఊహించండి. మూటని మళ్ళీ లోపలికి తోశాను.

"ఏటండది?" అన్నారు లోకనాథంగారు.

"ఏటీ నేదండి. అట్టముక్క."

"అట్టముక్కయితే తియ్యండి మరి."

తీశాను. దారంతా నలిగి, నుగ్గయి ఉందేమో, బయటికి రాగానే ఫట్టున చిరిగింది. మిరపపొడి గాలిలోకి లేచింది. ముందు లోకనాథంగారు తుమ్మారు. తర్వాత ఆయన తమ్ముడు. తర్వాత వీధి వీధంతా తుమ్మింది. సారె గడప దాటబోతుంటే ఒక్క తుమ్ము తుమ్మితేనే ఆగిపోతాం. ఊరు మొత్తం తుమ్మితే ఏం చేయాలో ఏ శాస్త్రంలోనూ రాసినట్టు లేదు.

ఇంతలో ఒక ముసలమ్మ నేలమీద నల్లగుడ్డ చూసి కేకపెట్టింది. "సిల్లంగి! ఎవులో సిల్లంగి ఎట్టినారు సారెకి!"

మావైపు చిల్లంగి, అంటే చేతబడి, అన్న మాట వింటే మగాళ్ళు కూడా గుమ్మం వెనక్కి జరుగుతారు. "దించకండి! ఒక్క గంగాళం దించకండి!" అంది హేమ అత్తగారు. మా అత్త అరుగుమీద కూలబడింది. హేమ బయటికే ఏడ్చేసింది. సారె వెనక్కి వెళ్ళిందంటే ఆ పిల్ల ఆ వీధిలో మళ్ళీ తలెత్తుకోగలదా?

చెప్పేద్దామని నోరు తెరిచాను. ఒట్టు, తెరిచాను. మాట రాలేదు, తుమ్ము వచ్చింది.

"అది సిల్లంగి కాదత్తా" అంటూ ఢిల్లీ హేమ అత్తగారి ముందుకు వచ్చాడు. "దిష్టిమూట. బావ బండి కొత్తది, ఎవుల కన్నయినా పడతాదని నానే ఎట్టినాను. గాలి కన్నమని తెలీదు. తప్పయిపోనాది, సెమించండి."

లోకనాథంగారు నావైపు చూశారు, వాడివైపు చూశారు. "దిష్టికే గదేటి. దించండ్రా, వర్జ్యం వొచ్చేత్తంది!" అన్నారు. సారె గడప దాటింది. నేను గోడపక్కన నిలబడి నా చెప్పులు చూసుకున్నాను. ఆ నల్లగుడ్డ మా ఇంటి పాత గొడుగుదని ఊర్మిళకి తెలుసు. ఆవిడ నావైపు చూసిన చూపుకి మిరపపొడి నయం.

తిరుగుప్రయాణంలో తాళాలు ఢిల్లీకి ఇచ్చాను. ఆడవాళ్ళు హేమ దగ్గర ఉండిపోయారు. మూట పోయాక బండి ఎక్కిలి లేకుండా పోతోంది. పలాస వచ్చాక అడిగాను.

"ఎందుకలాగ సెప్పినావురా?"

"మరేటి సెప్పమంతావు బావా? నువ్వెట్టినావంటే, ఎవుల దిష్టికని అడుగుతారు."

నేను కిటికీవైపు తిరిగాను.

"నిన్న సాయంత్రం బండి బాగుందన్నోడిని నానొక్కడినే గదా. సెల్లి అత్తోరింటికాడ, అమ్మ ముందర, నా కన్ను సెడ్డదని నీ నోట ఇనాలా? దానికన్నా బండి పాడుసేసినోడినని అనిపించుకోడమే నయం."

వాడు కోపంగా అంటే బాగుండేది. రోడ్డు చూస్తూ మామూలుగా అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. మిరపపొడి ఇంకా మండుతోందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఒక్కణ్ణీ బస్సెక్కి టెక్కలి వెళ్ళాను. లోకనాథంగారి అరుగుముందు చేతులు కట్టుకుని, "అయ్యా, ఆ మూట నాను ఎట్టింది. మా ఢిల్లీ తప్పు ఏటీ నేదు" అన్నాను. ఆయన ఉలిక్కిపడతారనుకున్నాను.

ఆయన తాపీగా, "తెలుసండి" అన్నారు.

"తెలుసా! ఎలాగండి?"

"ఎట్టినోడు కాకపోతే, దొరికిన మూటని మల్లీ లోపలికెందుకు తోత్తాడండి? ఈదంతా సూసింది."

"మరి నిన్న..."

"మీ పరువు ఆ కుర్రోడు కాసినాడు. ఆ కుర్రోడి మాట మేం కాసినాం. ఇలాటి అన్నున్న పిల్లని తెచ్చుకున్నామని, పొద్దున్నుంచీ మా ఆవిడ ఇంటింటికీ తిరిగి సెప్తంది. కూకోండి, మీ సారె లడ్డే పెడతాను, తినండి."

లడ్డు తిన్నాను. అంత చేదు లడ్డు నా జన్మలో తినలేదు.

అందుచేత, పలాస మొదలు సోంపేట దాకా ఉన్న సమస్త టర్బోల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ బండికీ నాడి పట్టను. ఏ కన్నంలోనూ, అది దేనికో తెలుసుకోకుండా, ఏదీ కుక్కను. దిష్టి తీయడం మాత్రం మానలేదు. అమావాస్యకి ఊర్మిళ ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని బండి దగ్గరికి వస్తే, "బండికి తరవాత, ముందు మీ తమ్ముడికి తియ్యి" అంటున్నాను. వాడికి నా కన్నే తగిలింది మరి.