కుండ మీది రేకు

గూడూరు అడవి అంచున లతీఫా బేగం బాటసారులకు నీళ్ల కుండ పెడుతుంది. ఏనాడో ఆ అడవిలో మాయమైన విమానాన్ని వెతికేవాళ్లు ఆ రోజు అక్కడ ఆగారు. విమానం నడిపినాయన కూతురు సౌజన్య నీళ్లు ముంచుకోబోయి, కుండకు మూతగా పెట్టిన రేకు మీద, విమానాల రేకులకుండే రివిట్ల వరుస చూసి నిలబడిపోయింది.

“ఇదెక్కడిది అవ్వా?”

“మా మామకు అడవిల దొరికింది బిడ్డా. ఎవరిదో తెల్వని సామాను మేం వాడుకోం, ఆ మనిషి పేరు మీద దానానికి పెడతం. తాగినోళ్ల పుణ్యమంత ఆయనకే పోతది.”

సౌజన్య రేకును చున్నీతో మెల్లగా తుడిచింది. “మా నాన్నది,” అంది.

“అయితే తీస్కపో తల్లీ. దొరికిన జాగ మామ నాకు చూపించిండు, తోల్కపోత. ముందుగాల నీళ్లు తాగు.”

లతీఫా తాను అన్నం తినే పళ్లెం కడిగి తెచ్చి, కుండ మీద మూత పెట్టింది.