నల్లబడిన ఫిల్మూ, తెరుచుకోని ఫోల్డరూ

జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ఎక్స్‌రే కేంద్రంలో నేను పనిచేస్తున్నాను. చదివింది భౌతికశాస్త్రం. ఎవరు ఏది చెప్పినా పరీక్షించనిదే ఒప్పుకోని అలవాటు అక్కడి నుంచే వచ్చింది.

ఈ వేసవిలో ఒక ఉదయం అడవి పల్లె నుంచి ఒకామె తన వదినను తోడు తెచ్చుకుని వచ్చింది. నాలుగేళ్ల కిందట ఆమెకు క్షయ నయమైంది. చికిత్స ముగిసినప్పుడు ఛాతీ ఎక్స్‌రే తీసింది నేనే. మళ్లీ దగ్గు పట్టి ఖమ్మం వెళితే కుడి ఊపిరితిత్తిలో నీడ కనిపించిందట. అది పాత మచ్చ అయితే పరవాలేదు. కొత్తదైతే ఛాతీలోకి సూది దింపి ముక్క తీయాలని అక్కడి డాక్టరమ్మ చెప్పారు. తేల్చగలిగేది పాత ఎక్స్‌రే ఒక్కటే.

ఆమె సంచిలోంచి తీసిన ఫిల్ము మాత్రం అంచు నుంచి అంచుకు నల్లగా ఉంది. భద్రంగా దాచమని నాలుగేళ్ల కిందట నేనే చెప్పాను. ఆమె దాన్ని పొయ్యికి పైన, విత్తనపు జొన్న కంకులు వేలాడదీసే చోట, కప్పు వాసాల మధ్య దోపింది. ఆ ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు లేదు.

"పొగ తగిల్తె ఇత్తనాలకు పురుగు పట్టదు గద సారూ. ఫొటోకు గూడ పట్టదనుకున్నది మా మరదలు," అన్నది వదిన.

పురుగు పట్టలేదు, నిజమే. కానీ మా ఫిల్ము వేడితో అచ్చయ్యేది. తర్వాత వేడి తగిలినా నల్లబడుతూనే ఉంటుంది. ఆ సంగతి చెప్పనిది నేను.

ప్రతి ఎక్స్‌రే నకలూ మా నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెలో ఉంటుంది. అయితే ముందురోజే కంప్యూటర్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేశారు. అప్పటి నుంచి పెట్టెలోని ఫోల్డరు తెరుచుకోవడం లేదు. ఫోన్ చేస్తే, పిడుగుల దెబ్బకు డిస్కులు పోయి ఉంటాయనీ, కొత్త పెట్టె కొనుక్కోవడమే మేలనీ మెకానిక్ తేల్చేశాడు. ముందురోజు సాయంత్రం పిడుగులు పడ్డ మాట వాస్తవం. ఫోల్డరు తెరుచుకోని మాటా వాస్తవం. అంతమాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు.

నా ఫోన్‌లో ఆ పెట్టె చిరునామా కొట్టి చూశాను. దాని సెట్టింగుల పేజీ తెరుచుకుంది. డిస్కులు రెండూ బాగున్నాయని చెప్పింది. ఆ మాటనూ పూర్తిగా నమ్మలేదు గానీ, చచ్చిన పెట్టె మాట్లాడదు. అప్పుడు కంప్యూటర్ చూపిస్తున్న సందేశాన్ని మొదటిసారి చివరిదాకా చదివాను. పేరూ పాస్‌వర్డూ అడగని ఫోల్డరులోకి వెళ్లడానికి కొత్త సిస్టమ్ ఒప్పుకోవడం లేదు. ఏ షిఫ్టులో ఎవరున్నా పని ఆగకూడదని దాన్ని అలా బార్లా తెరిచిపెట్టింది నేనే. పాత సిస్టమ్ చూసీచూడనట్టు వదిలేసింది.

కంప్యూటర్‌లో ఆ కాపలాను తీసేయమని ఇంటర్నెట్‌లో సలహాలున్నాయి. రోగుల చిత్రాలున్న చోట అది సరికాదనిపించి, పెట్టెలోనే ఒక పేరూ పాస్‌వర్డూ సృష్టించాను. ఫోల్డరు తెరుచుకుంది.

అదే ఊరు, అదే పేరు, అదే వయసుతో ఇద్దరు ఆడవాళ్ల చిత్రాలున్నాయి. ఒకదానిలో మెడ కింద ఎడమవైపు కంటె ఎముక విరిగి వంకరగా అతుక్కుని ఉంది. ఆమె వెంట తెచ్చిన ఖమ్మం కొత్త ఎక్స్‌రేలోనూ అదే వంకర. చిన్నప్పుడు ఎప్పుడైనా పడ్డావా అమ్మా అని అడిగాను.

"ఇప్పచెట్టు మీదికెల్లి పడ్డ. గది గూడ దాంట్ల రాసున్నదా?"

పాత చిత్రాన్ని డాక్టరమ్మకు పంపాను. గంటలోపే ఫోన్ వచ్చింది: నీడ పాత మచ్చే, పెరగలేదు, కఫం పరీక్ష చేయించి ఆరు నెలలకు మళ్లీ ఎక్స్‌రే తీస్తే చాలు.

"అయితె సూది లేదా సారూ?"

"ఇప్పటికైతే లేదమ్మా."

"సారు లేదని ఒక్క మాటల అనడు," అని వదిన మూతి తిప్పింది.

"ఇప్పటికి లేకుంటె చాలు తియ్యి," అంటూ మరదలు కఫం డబ్బీ అందుకుని, అది ఎట్లా పట్టాలో నాతో రెండుసార్లు చెప్పించుకుంది.