తొడిమలు తీసిన లెక్కల పాఠం

యూనివర్సిటీలో నాకు అర్థమైనదానికంటే అర్థం కానిదే ఎక్కువ. చిన్నపిల్లలకు చదువు చెప్పడం నేర్చుకోవడానికి అంత లావు పుస్తకాలెందుకో మొదటిరోజే తెలియలేదు, చివరిరోజుకీ తెలియలేదు. వాటిలో ఒక్క మాట మాత్రం గట్టిగా పట్టుకున్నాను. పిల్లల పరిసరాల్లోంచే పాఠం చెప్పాలట. ఆ మాట నా కొంప ముంచిందో, నన్ను గట్టెక్కించిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

శిక్షణలో భాగంగా నేను చెప్పాల్సిన ఆఖరి పాఠం పెదకాకాని వైపు ఒక బడిలో, రెండో తరగతికి. పదేసి చొప్పున విడదీసి లెక్కపెట్టడం నేర్పాలి. మా లెక్చరర్ మేడమ్ వెనక బెంచీలో కూర్చుని మార్కులు వేస్తారు. ఆవిడ సంతకం పడకపోతే కోర్సు పూర్తి కాదు. కోర్సు పూర్తికాకపోతే టీచరు ఉద్యోగం ఊసే ఎత్తనక్కర్లేదు. తోటివాళ్లు పాఠానికి పుల్లలూ పూసలూ కొనుక్కున్నారు. నేను అమ్మను ఎండు మిరపకాయలు అడిగాను.

అమ్మ కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తుంది. చేతుల మంట నాకెక్కడ తగులుతుందోనని చిన్నప్పుడు నన్ను ఎత్తుకోవడానికి కూడా జంకేదట. పెద్దయ్యాక కూడా నన్ను కాయ ముట్టుకోనివ్వలేదు. బడికి మిరపకాయలెందుకే అంది. పుస్తకంలో అలాగే ఉందన్నాను. పుస్తకమంటే అమ్మకు గౌరవం. సంచిలో పోసిచ్చింది.

పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి మధ్యలో కాయలు పోశాను. బోర్డు మీద అంకెలు వేసి వెనక్కి తిరిగేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. అంత బుద్ధిగా కూర్చున్న రెండో తరగతిని నేనెక్కడా చూడలేదు. కానీ ఒక్కరూ లెక్కపెట్టడం లేదు. అందరూ తలలు వంచుకుని తొడిమలు తీస్తున్నారు. కాయలు ఒక పక్క, తొడిమలు ఒక పక్క. సెలవు రోజుల్లో అమ్మల పక్కన కూర్చుని చేసే పనే కాబట్టి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆపమనాలా, మెచ్చుకోవాలా? ఏం చేయాలో తోచక నేనూ ఒక కాయ తీసుకుని విరిచాను. అది నడిమికి విరిగి గింజలు రాలాయి. పక్కనున్న పాప నావంక జాలిగా చూసింది.

"అట్టా కాదు టీచర్. కాయ చిట్లితే ఒప్పుకోరు," అంటూ తీసి చూపించింది.

వెనక మేడమ్ ఘాటుకి ఒకటే తుమ్ములు. ఆ కంగారులో నోటికొచ్చింది అనేశాను, తొడిమల్ని పదేసి చొప్పున కుప్పలు పెట్టమని. పెట్టారు. ఒక్క కుప్పలో కూడా తప్పు లేదు.

ముందే అలా అనుకుని చేయించాననుకున్నారు మేడమ్. ఫోటోలు తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పరిసరాల వినియోగం చాలా బాగుందని నా రికార్డులో రాసి సంతకం పెట్టారు. ఎగిరి గంతేయాల్సింది. బస్సులో కూర్చుని ఆ వాక్యాన్నే పదిసార్లు చదివాను. ఎందుకో సిగ్గేసింది.

సాయంత్రం అమ్మకు రికార్డు చూపించాను. చెయ్యి కొంగుకు తుడుచుకుని, సంతకం మీద వేలు పెట్టి చూసి మురిసిపోయింది. పిల్లలు ఏం చేశారని అడిగింది. నవ్వుతుందనుకుని, తొడిమలన్నీ తీసేశారని చెప్పాను.

అమ్మ నవ్వలేదు.

"బడిలో కూడానా?" అంది.

రికార్డు మూసి నా ఒళ్లో పెట్టింది. నా వేళ్లు వాసన చూసి, వెళ్లి చేతులు కడుక్కోమంది.