భాస్కర్ పోసిన మైనం

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం ఉదయం పదిన్నర దాటాక, ఎడిసన్ పక్కనున్న మెట్రోపార్క్ స్టేషన్‌లో వెర్మాంట్ వెళ్ళే రైలు ఎక్కాను. న్యూయార్క్‌లో దిగి మారే పని లేదు, సాయంత్రానికి అదే బండి మంచు కొండల మధ్య దింపుతుంది. టికెట్ ముందుగా తీసుకుంటే చవక. మంచు మీద జారడానికి కాళ్ళకు కట్టుకునే పొడుగాటి స్కీల సంచి తెస్తున్నామని అప్పుడే కనుక్కుని చెప్పడం మంచిది. సంచిని పెట్టె చివర సామాన్ల చోటులో నిలబెట్టి, అది కంటికి కనబడే సీటు చూసుకుని కూర్చున్నాను.

నేనూ నా భర్త భాస్కర్ ఎన్నో ఏళ్ళుగా ప్రతి చలికాలం ఈ రైల్లోనే వెళ్ళేవాళ్ళం. మావి కొండ మీంచి కిందికి దూసుకొచ్చే స్కీలు కావు. అడవి బాటల్లో నడక, జారుడు కలిపి సాగిపోయే సన్నటి స్కీలు. కిందటి ఆగస్టులో భాస్కర్ గుండెపోటుతో చనిపోయాడు. కర్మకాండలు చేయలేదు, శరీరాన్ని వైద్య కళాశాలకు ఇచ్చాం. అది ఇద్దరం కలిసి ఎప్పుడో తీసుకున్న నిర్ణయం. పలకరించడానికి వచ్చినవాళ్ళు "ఆయన పైనుంచి చూస్తూనే ఉంటారు" అన్నారు. "పైన ఉన్నది గాలి, దాని పైన అదీ లేదు" అన్నాను. తర్వాత పలకరింపులు తగ్గాయి. నమ్మకం ఉన్నవాళ్ళకు పోయిన మనిషి ఎక్కడో ఒకచోట ఉంటాడు. నాకు భాస్కర్ ఎక్కడా లేడు. అయినా గరాజ్ తలుపు కదిలితే చెవి అటే పోతుంది.

స్కీల అడుగున మైనం లేకపోతే అవి మంచును పట్టుకు వేలాడతాయి. మా ఇంట్లో ఆ పని ఎప్పుడూ భాస్కర్‌దే. వసంతంలో, మంచు కాలం అయిపోయాక, ఇస్త్రీపెట్టెతో మైనం కరిగించి అడుగంతా మందంగా పోసి, గీకకుండా వదిలేసేవాడు. వేసవిలో అడుగు ఎండిపోకుండా ఆ పొర కాపాడుతుంది. మళ్ళీ చలికాలం రాగానే దాన్ని గీకి పారేసి, ఆ రోజు మంచుకు తగ్గ మైనం రాయాలి. కిందటి ఏప్రిల్‌లో అతను పోసిన పొర నా స్కీల మీద ఇంకా అలాగే ఉంది. గీకితే గాని జారలేను. గరాజ్‌లో మైనం గీకే ప్లాస్టిక్ పలక చేతిలోకి తీసుకోవడం, మళ్ళీ పెట్టేయడం, ఇదే సరిపోయింది. చివరికి ఆ పొరతోనే బయలుదేరాను. గీకుతానో, సంచి విప్పకుండానే తిరిగొస్తానో నాకే తెలియదు.

న్యూయార్క్‌లో పక్క వరుసలోకి ఒక యువ జంట వచ్చింది. స్వప్నది వరంగల్, వినోద్‌ది గుంటూరు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. వాళ్ళ దగ్గరా స్కీల సంచి ఉంది.

"ఆంటీ, మీరు స్కీయింగ్ చేస్తారా? సీరియస్‌గా?" అన్నాడు వినోద్.

"నువ్వు పలక పట్టకముందు నుంచీ."

"మేం లాస్ట్ మంత్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశాం ఆంటీ. పార్క్‌లో ట్రై చేస్తే అస్సలు జరగవు. రిటర్న్ చేద్దామంటే ఈవిడ ఒప్పుకోదు."

న్యూహేవెన్‌లో ఇంజను మార్చడానికి బండి కాసేపు ఆగుతుంది. ఆ వ్యవధిలో వాటిని చూపించమన్నాను. సంచి విప్పితే, స్కీల అడుగున పసుపు, దాని మీద వరసగా కుంకుమ బొట్లు, చుట్టూ జిడ్డు.

"ఏమిటమ్మా ఇది?"

"కొత్త బండికి చేస్తం గద ఆంటీ, గట్లనే," అంది స్వప్న. "అత్తమ్మ వీడియో కాల్‌ల చెప్పింది. పసుపు ఆరి రాలిపోతున్నదని కొంచెం నూనె కలిపిన."

"నయం, కొబ్బరికాయ కొట్టలేదు."

"కొట్టినం ఆంటీ. బాల్కనీల."

"కింద ఫ్లోర్ వాళ్ళు కంప్లయింట్ కూడా ఇచ్చారు," అన్నాడు వినోద్.

నాకు వేదిక దొరికినట్టయింది. మంచు ఎవరి భక్తినీ లెక్కచేయదన్నాను. చలి ముదిరితే మంచు పలుకులు గట్టిగా, పదునుగా ఉంటాయి, వాటికి గట్టి మైనం కావాలి. చలి తగ్గేకొద్దీ మెత్తటి మైనం. ఏది ఎప్పుడో డబ్బా మీదే రంగుతో సహా రాసి ఉంటుంది: బాగా చలికి ఆకుపచ్చ, ఒక మోస్తరు చలికి నీలం, కరిగే మంచుకు ఎరుపు. ముహూర్తం చూడనక్కర్లేదు, థర్మామీటరు చూస్తే చాలు.

ప్రయాణంలో ఈ పని ఎంత తేలికో వాళ్ళకు చేసి చూపించాను. మీకూ పనికొస్తుంది. బూటు పాలిష్ లాంటి పేస్టు మైనం డబ్బాలో దొరుకుతుంది, మూతకే స్పాంజి ఉంటుంది. మొదట కొంచెం రాసి వెంటనే తుడిచేస్తే మురికి దానితో పాటే వస్తుంది. పసుపూ కుంకుమా అలాగే వచ్చాయి. తర్వాత ముందు భాగానికీ వెనక భాగానికీ మళ్ళీ రాసి, కాసేపు ఆరనిచ్చి, పాత బనీను గుడ్డతో మెరిసేదాకా రుద్దాలి. జారడానికి అది చాలు. పాదం కింద వచ్చే మధ్య భాగానికి వేరే మైనం, లావుపాటి క్రేయాన్ లాంటి ముద్ద. ఎక్కుడులో వెనక్కి జారకుండా మంచును పట్టుకునేది అదే. పల్చగా రాసి, పెనం మీద ఉల్లిపాయ చెక్క రుద్దినట్టు కార్క్ ముక్కతో వేడెక్కేదాకా రుద్దాలి. ఒక మందపాటి పూత కంటే రెండు మూడు పల్చటి పూతలు మేలు. హోటల్ గదిలోని ఇస్త్రీపెట్టె జోలికి మాత్రం పోవద్దు. మీ తర్వాత దిగేవాడి చొక్కా ఏం పాపం చేసింది?

స్వప్న చేతిలో బలముంది, బాగా రుద్దింది. పని అయ్యాక ఇద్దరూ నాకు సర్వపిండి పెట్టారు, నేను తెచ్చుకున్న పెరుగన్నం పంచాను.

"ఇగ మీయి చూపించండి ఆంటీ," అంది స్వప్న.

విప్పాను. ఆ తెల్లటి పొర మీద గోరు ఆనించి చూసి నవ్వింది. "గింత మందం ఉన్నదేంది? మాకు రెండు బొట్లకే క్లాస్ పీకితిరి!"

"అది మా భాస్కర్ పోశాడు. నా భర్త. కిందటి ఏప్రిల్‌లో. ఆగస్టులో పోయాడు."

"సారీ ఆంటీ," అన్నాడు వినోద్.

స్వప్న గోరు తీసేసి అరచెయ్యి ఆనించింది. "గిది గీకితెనే జారుతదా?"

"అవును."

"మీకు గీకబుద్ధి అయితలేదు."

వినోద్ ఆమెను మోచేత్తో పొడిచాడు. "నేనేం తప్పన్న?" అంది అతనితో. నా వైపు తిరిగి, "మా బొట్లు తుడిచేటప్పుడు నాకు గూడ గిట్లనే అనిపించింది ఆంటీ. అయినా తుడిచిన గద," అంది.

పటాలకు దండలు వేయడం గురించీ, అస్థికలు మోసుకు తిరగడం గురించీ నేను సభల్లో గొంతు చించుకున్నదాన్ని. పెద్ద పెద్ద పండితులతో వాదించాను. ఆ పిల్ల ముందు మాత్రం స్కీలను మళ్ళీ సంచిలోకి తోసేశాను. గడ్డకట్టిన కనెక్టికట్ నదిని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

అయిదు గంటల ప్రాంతంలో బ్రాటిల్‌బరోలో దిగాను, వాళ్ళు ఇంకా పైకి వెళ్ళారు. ఇక్కడ టాక్సీలు తక్కువ, ముందే చెప్పి పెట్టుకోవాలి. ఊరి బయట సరస్సు దగ్గర మేం ఎప్పుడూ దిగే సత్రం ఉంది. యజమానురాలు "ఈసారి ఒక్కరేనా?" అంది. తల ఊపాను. తాళం ఇచ్చింది. రాత్రికి వేడి సూపు, రొట్టె.

ఉదయం ఎనిమిదికి మంచులో థర్మామీటరు గుచ్చాను. సున్నాకు దిగువన ఆరు డిగ్రీలు. అంటే నీలం. సత్రం వెనక పొయ్యి ఉన్న షెడ్డులో రెండు కుర్చీల మీద స్కీని వెల్లకిలా పెట్టి పలక అందుకున్నాను.

పక్కనుంచి పడే వెలుతురులో ఆ పొర మీద అడ్డంగా అలల్లాంటి గీతలు కనిపించాయి. ఇస్త్రీపెట్టె ఆగి, మళ్ళీ కదిలిన చోట్లు. భాస్కర్ చెయ్యి ఒక్క ఊపులో ఎంత దూరం పోయేదో కొలిచినట్టు కనబడుతోంది. ఒకచోట గీతలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. అక్కడ నేను భోజనానికి పిలిచి ఉంటాను.

ముందు నుంచి వెనక్కి, ఒకే దిశలో లాగాలి. లాగాను. మైనం కొబ్బరి కోరులా చుట్టలు తిరిగి రాలింది. ఒక్కో గీతా పోయింది. రెండో స్కీ కూడా అయ్యాక ఊడ్చి చెత్తబుట్టలో వేశాను. చిటికెడు దాచుకోవాలనిపించిందని కూడా రాయాలి, లేకపోతే ఈ కథనం అబద్ధమవుతుంది. దాచలేదు.

పేస్టు రాశాను, నీలం రుద్దాను. వెచ్చటి షెడ్డులోంచి తీసిన స్కీలను వెంటనే మంచు మీద పెడితే అడుగున మంచు పేరుకుంటుంది, అందుకని కాసేపు బయట గోడకు ఆనించి చల్లబడనిచ్చాను. తర్వాత సరస్సు చుట్టూ బాట పట్టాను. స్కీలు హాయిగా జారాయి. మొదటి ఎక్కుడులో ఒక్క అడుగు కూడా వెనక్కి పోలేదు. "నీలం సరిపోయింది," అని వెనక్కి తిరిగి చెప్పాను. నా వెనక నా జాడలే ఉన్నాయి. వేళ్ళు కొంకర్లు పోతుంటే కదిలి, మొత్తం చుట్టు పూర్తి చేశాను.

ఆదివారం మధ్యాహ్నం తిరుగు రైలు. ఈ దారిన వెళ్ళదలచుకున్నవాళ్ళు ఫిబ్రవరిలోనే వెళ్ళండి, మార్చికి మంచు నమ్మదగ్గది కాదు. ఒంటరిగానూ వెళ్ళవచ్చు. బాట బాగుంటుంది, నిశ్శబ్దం కొంచెం బరువుగా ఉంటుంది. రైల్లో సంచి నిలబెట్టే ముందు కొంచెం విప్పి స్కీల అడుగు తడిమి చూశాను. నేను రాసింది అక్కడక్కడా అరిగి తెల్లబడింది. ఏప్రిల్‌లో మళ్ళీ మందంగా పోయాలి. ఈసారి పోయాల్సింది నేనే. ఇస్త్రీపెట్టె ఎంత వేడిలో పెట్టాలో భాస్కర్ ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పుస్తకాల్లో దొరుకుతుంది, కెమిస్ట్రీ చదివినదాన్ని, లెక్కకట్టనూ గలను. కానీ బండి స్ప్రింగ్‌ఫీల్డ్ దాటుతున్నా నేను పుస్తకం గురించి ఆలోచించలేదు. అతన్నే అడగాలని ఉంది.