బెలీసారియో బాబాయ్ బిగింపు

వదులుగా ఉన్న స్క్రూ కనిపిస్తే బెలీసారియో ఊరుకోలేడు. గట్టిగా ఉన్న స్క్రూ కనిపిస్తే, అది ఎప్పుడు వదులవుతుందోనన్న బెంగతో అసలే ఊరుకోలేడు. తోర్రెసెకా ఊళ్ళో చాలామంది మెడలో శిలువ ఉంటుంది. ఆయన మెడలో డ్రమ్ము మరలు తిప్పే కీ ఉంటుంది. స్నానానికి కూడా తీయడని ఆయన భార్య ఫెలీసా ఊరంతా చెప్పుకుంది.

ఒకసారి పాపాలు చెప్పుకోడానికి చర్చికి వెళ్ళాడు. మోకరిల్లాడు. జాలీ అవతల ఫాదర్ కళ్ళజోడు కాడ ఊగుతోంది. "ఫాదర్, నా పాపాలు ఎక్కడికీ పోవు గానీ, ముందు ఆ కళ్ళజోడు ఇలా ఇవ్వండి" అన్నాడు. బిగించి ఇచ్చాడు. ఆ కళ్ళజోడు మళ్ళీ మడత పడలేదు. ఫాదర్ నిద్రపోయేటప్పుడు దాన్ని విప్పినట్టే బల్ల మీద నిలబెట్టుకుంటున్నాడు.

అన్న కూతురు నీవేస్‌కి పాప పుట్టినప్పుడు చూడ్డానికి వెళ్ళి, ఎవరూ చూడకుండా పాపని తిప్పే తోపుడుబండి పని పట్టాడు. మర్నాడు నీవేస్ వీధి మధ్యలో నిలబడి అరిచింది.

"బాబాయ్! చక్రాలు తిరగడం లేదు!"

"తిరిగితే కదమ్మా ఊడేది!"

ఇవన్నీ చిల్లర పనులు. అసలు ప్రేమ డ్రమ్ముల మీద. ఈస్టర్ ముందు పవిత్ర వారం వచ్చిందంటే ఊళ్ళో నడవగలిగిన ప్రతివాడి నడుముకీ డ్రమ్ము వేలాడుతుంది. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మొదలుపెడితే మర్నాటిదాకా మోతే. అంత అదురుకి ఏ స్క్రూ మాత్రం చోటున ఉంటుంది? "కొట్టే ప్రతి దెబ్బకీ ప్రతి స్క్రూ ఇంటికెళ్ళిపోదామా అనుకుంటుంది. మనం బుజ్జగించి కూర్చోబెట్టాలి" అంటాడు బెలీసారియో. ఆ బుజ్జగింపు కోసం మరకి మైనం రాసిన దారం చుట్టేవాడు, కింద తోలు బిళ్ళ వేసేవాడు, పైన ఫెలీసా గోళ్ళరంగు చుక్క పెట్టేవాడు. "ఊళ్ళో డ్రమ్ములన్నీ ముస్తాబయ్యాయి, నా గోళ్ళు తప్ప" అనేది ఆవిడ.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. గొడవల్లా పోటీ దగ్గర వచ్చింది.

గుడ్ ఫ్రైడే నాడు రెండు జట్లు ఎదురుపడితే ఎవరి దరువు వాళ్ళు వాయిస్తూ ఎదురెదురుగా నిలబడతారు. ఎవరు తడబడి అవతలివాళ్ళ దరువులోకి జారిపోతే వాళ్ళు ఓడినట్టు. చర్చి మెట్ల పక్క మూల నీవేస్ జట్టుది. వాళ్ళమ్మ ఒబ్దూలియా పెళ్ళి కాకముందు నుంచీ అక్కడే నిలబడి దరువు ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. కిందటేడు పై వీధి జట్టు చేతిలో ఓడిపోయారు. ఈసారి కూడా ఓడితే ఆ మూల పై వీధి వాళ్ళదని మాట.

ఓటమికి కారణం ఎవరో అందరికీ తెలుసు. పోటీ మంచి పట్టులో ఉండగా బెలీసారియో జట్టులో దూరి "ఒక్క క్షణం, ఒక్క క్షణం" అంటూ ఒకడి తర్వాత ఒకడి డ్రమ్ము లాక్కుని బిగించాడు. మనవాళ్ళవి అయ్యాక ఎదుటి జట్టులోకి వెళ్ళి వాళ్ళవీ బిగించాడు. పై వీధి జట్టు పెద్ద, హసీంతో అనే ఆయన, నీవేస్‌తో "మీ బాబాయ్‌ని మాత్రం ఎప్పుడూ మాన్పించకండి. మాకు చాలా సాయంగా ఉంటున్నాడు" అన్నాడు.

అందుకని ఈ ఏడు పొద్దున్నే నీవేస్ వెళ్ళి బాబాయ్ మెడలోంచి కీ తీసేసుకుంది. తల్లి డ్రమ్ము తనే బిగించింది, కంగుమనేట్టు.

"బాగుందా అమ్మా?"

"బాగానే ఉంది" అంది ఒబ్దూలియా, అంత బాగున్నట్టు కాకుండా.

మధ్యాహ్నం పై వీధి జట్టు వచ్చి ఎదురుగా నిలబడింది. కాసేపు ఇద్దరూ ఇద్దరే. తర్వాత నీవేస్ తల్లివైపు చూసింది. ఆవిడ చేతిలో డ్రమ్ము పుల్లలు దారి తప్పుతున్నాయి. చేతులు ఆడుతున్నాయి గానీ చూపు మాత్రం హసీంతో చేతుల మీద ఉంది. ఆ దరువే కొంచెం కొంచెంగా ఆవిడ డ్రమ్ము మీదికి వచ్చేస్తోంది. హసీంతో అప్పుడే నవ్వుతున్నాడు.

బెలీసారియో కఫే కుర్చీ స్క్రూని గోటితో తిప్పడం ఆపి పరుగున వచ్చాడు.

"కీ ఇవ్వు."

"ఇవ్వను. చేసింది చాలు బాబాయ్."

"ఎవరివీ ముట్టుకోనే. మీ అమ్మది ఒక్కటే. త్వరగా!"

ఆ ముఖంలో పిచ్చేమీ కనిపించలేదు. నీవేస్ ఇచ్చింది. వదినగారు వాయిస్తూండగానే ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ ఒక్కో మరా తిప్పాడు. ఎడమకి. అన్నీ ఎడమకే. కంగుమంటున్న డ్రమ్ము గుమ్ముమంది. ఒబ్దూలియా గడ్డం పైకి లేచింది. చూపు హసీంతో చేతుల్ని వదిలేసింది. పాత దరువు, పాత పొగరుతో, తిరిగొచ్చింది. కాసేపటికి తడబడింది హసీంతోనే.

జట్టు కేకలు వేస్తూంటే నీవేస్ బాబాయ్‌ని పక్కకి లాగింది.

"వదులు చేశావు!"

"ష్! మీ అమ్మకి సన్నటి మోత వినబడ్డం మానేసి చాలా కాలమైంది. ఇంత గోలలో తన డ్రమ్ము తనకే వినబడదు. లావు మోత అయితే వినబడుతుంది, పొట్టకీ తగుల్తుంది. ఈ సంగతి తెలిస్తే ఆవిడ ఆ రోజే పుల్లలు కింద పెట్టేస్తుంది."

"మరి మా అందరివీ ఎందుకు బిగించడం?"

"ఆవిడ ఒక్కదాని డ్రమ్మే ముట్టుకుంటే అనుమానం రాదూ? పై వీధి వాళ్ళవీ ముట్టుకున్నాననుకో, వీడికి పిచ్చి అని తేల్చేస్తారు. హాయిగా ఉంటుంది." కీని చొక్కాకి తుడుచుకుంటూ, "పిచ్చి ఉందనుకో, కొంత" అన్నాడు.

నీవేస్ తల్లికి నీళ్ళు పట్టుకెళ్ళింది. ఒబ్దూలియా తాగి, కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"చూశావా, మీ బాబాయ్ మళ్ళీ నా డ్రమ్ము వదులు చేసి పెట్టాడు."

నీవేస్ ఖాళీ గ్లాసు అందుకుంది.

"ఏటా ఇదే వరస. బిగిస్తున్నాననుకుని ఎడమకి తిప్పుతాడు. వయసు మీద పడింది, కుడేదో ఎడమేదో తెలియడం లేదు పాపం. నేను పైకి అనను. ఆ స్క్రూలు కూడా చేతకావని తెలిస్తే ఇంకేం మిగుల్తుంది ఆ మనిషికి? నువ్వూ నోరు జారకు."

"నీకు ఇబ్బందిగా ఉండదా అమ్మా?"

"వదులైతేనే నాకు చెయ్యి బాగా పడుతుంది. అది వేరే సంగతి."

అంతలో బెలీసారియో కీ ఆడించుకుంటూ వచ్చాడు. "వదినా, ఇంకొంచెం బిగించనా?"

"బిగించు నాయనా, నీలా ఎవరు బిగిస్తారు!" అంటూ ఒబ్దూలియా ఆయన తల మీదుగా కూతురికి కన్ను గీటింది. డ్రమ్ము మీదికి వంగిన బెలీసారియో, వదినగారికి కనబడకుండా, ఇటు నుంచి కన్ను గీటాడు. ఎవరికి తిరిగి గీటాలో తోచక నీవేస్ రెండు కళ్ళూ ఒకేసారి మూసి తెరిచింది.