వెచ్చని గుండీ

మొన్న కర్నూలులో చేతిపనుల ప్రదర్శనకు వెళ్లాను. ఒక అంగట్లో ఓ అమ్మాయి విక్టోరియా కాలం నాటి నల్లగుండీలతో హారాలు గుచ్చి అమ్ముతోంది. ఒకటి తీసి, నాకు తెలియకుండానే పెదవికి ఆనించాను. ఆ పిల్ల బిత్తరపోయింది. అరవై దాటిన మనిషి గుండీలను ముద్దుపెట్టుకుంటే ఎవరైనా అంతే. ఈ అలవాటు మా జేజిది.

మైదుకూరులో మా జేజి, అంటే మా నాయన తల్లి, దగ్గర అలాంటి గుండీలు ఒక రేకుడబ్బా నిండా ఉండేవి. వాళ్లమ్మ కడపలో ఓ దొర బంగళాలో ఆయాగా చేసిందట. అక్కడి దొరసాని, తన బిడ్డ చనిపోయిన రోజు నుంచి నల్లగౌనే తొడిగి, చివరికి ఆ గౌనులోనే పోయింది. మనవాళ్లు పోయినవాళ్ల మొలతాడు తెంపినట్టు, ప్రాణానికి ముడి అడ్డం ఉండకూడదని ఆ ఆయా గౌను గుండీలన్నీ కోసి తెచ్చుకుంది. మా జేజి వాటిని నల్లపూసల మధ్య గుచ్చి, దిష్టి తగలకుండా ఇంట్లో ఆడపిల్లల మెడలో వేసేది. బంగారం పెట్టలేక దిష్టి సాకు చెబుతోందని మా అమ్మ సణిగేది. గుచ్చేముందు ప్రతి గుండీని జేజి పెదవికి ఆనించేది. నడి ఎండాకాలంలోనూ అన్నీ చల్లగా ఉండేవి, ఒక్కటి తప్ప. దాన్ని గుడ్డలో చుట్టి దాచేది.

"ఇది ఎచ్చగుండాది. ఆ దొరసానమ్మ ఇంగా పోల్యా. బిడ్డ కోసం చూస్తాండాది."

నాలుగేళ్ల మా చెల్లెలు తనకు ఒక గుండీ తక్కువైందని ఒకటే ఏడుపు. భరించలేక ఆ గుడ్డలోని గుండీని దొంగిలించి దాని హారంలో గుచ్చేశాను. మూడోరోజుకు పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోయింది. కళ్లు తెరవకుండా, ఎవరో పిలుస్తున్నట్టు "వస్తాండా... వస్తాండా" అంటూనే ఉంది. పరుగెత్తి జేజికి చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. కానీ ఆమె హారం తెంపి, ఆ గుండీని తన మెడలో కట్టుకుని, ఎవరూ లేని మూలకు తిరిగి అంది:

"పిల్లను ఇడ్సమ్మా. నీకు తోడు కావల్ల, అంతే గదా. నేనొస్తా."

సాయంత్రానికి చెల్లెలు లేచి చిత్రాన్నం అడిగింది. వారం తిరక్కుండా, ఏ జబ్బూ లేకుండా, జేజి పోయింది. ఆమె మెడలో దారం తెంపినప్పుడు గుండీ దొర్లి నా కాళ్ల దగ్గర ఆగింది. తీసి పెదవికి ఆనించాను. చల్లగా ఉంది. నా దొంగతనమే జేజిని తీసుకుపోయిందని ఇన్నేళ్లూ లోలోపల కుమిలాను.

ఇదేమీ ఆ అంగడి అమ్మాయితో చెప్పలేదు. కొన్ని గుండీలు వెచ్చగా ఎందుకుంటాయని మాత్రం అడిగాను.

"గాజువైతే సల్లగుంటాయి మేడం. కొన్ని బొగ్గురాయితో చేసింటారు. అవి ఎప్పుడు ముట్టుకున్యా ఎచ్చగనే ఉంటాయి."

ఇంత చిన్న సంగతా! గుండెల మీది బండ దిగినట్టయి నవ్వొచ్చింది. ఊరికే అడిగాను, అవి ఎప్పటికైనా చల్లబడతాయా అని.

"యాడ మేడం! నూరేండ్లయినా సల్లబడవు."

కాలం అన్నిటినీ చల్లారుస్తుందంటారు. జేజి మెడలోని ఆ గుండీని చల్లార్చింది కాలం కాదు.